అక్కడక్కడా

పొద్దున ఎనిమిదిన్నరకు
చందంపేట తహసిల్దారు ఆఫీసు ఎనుక
కంచె లోపలికి పోయి వాన డబ్బా మూత తీస్త.
పొడి గాజు గొట్టంల నా ముఖమే సాగి కనిపిస్తది.
రిజిస్టర్ల సున్నా, చుక్క, సున్నా.
మిర్గం సంది గిదే రాత.
నా సున్నాలు ఇప్పుడు మస్తు గుండ్రంగ వస్తున్నయి.

ఫోన్ల చెప్పిండ్రు:
రాగల ఇరవైనాలుగు గంటలల్ల
జిల్లాల అక్కడక్కడా
తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు.

సుక్కమ్మ అడిగింది:
"ఈదయ్యా, గా అక్కడక్కడా ఏ మండలం?
డిండి అవుతలనా?
ముప్పై ఏండ్ల సంది ఇంటున్న,
ఎప్పుడు జూసినా ఆ ఊళ్లనే పడ్తది వాన.
ఎవలన్న అమ్ముతె చెప్పు, గుంటెడు కొంట."

నవ్విన. నవ్వకపోవాల్సింది.
మూడు పాకిట్ల పత్తి గింజలు
పొడి దుక్కిల పెట్టి వచ్చింది ఆమె.
గింజ ఒక్కటి, చీమలు వంద.

గణాంకాల మేడం నౌషీన్
టీ గిలాస మీద సాసర్ బోర్లించి చూపెట్టింది.
"ఆవిరి ఉత్తగ నీళ్లు కాదు ఈదయ్యా,
మొగుల్ల పట్టుకునేటందుకు దానికి ఏదన్న కావాలె.
దుమ్మో, పొగో, సముద్రపు ఉప్పో,
కంటికి ఆనని నలుసు.
చల్లబడ్డ ఆవిరి దాన్ని కరుసుకుంటది.
గసొంటి బిందువులు లక్షలు కలిస్తె
ఒక్క సినుక్కు కింద పడే బరువొస్తది."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
దుమ్మా?
మా దగ్గర దుమ్ముకేం కరువు!
ఎర్ర చెలకలు ఎండి లేసిన దుమ్ము,
బోరు బండి ఆరు నూర్ల ఫీట్ల లోతుకెళ్లి
ఎగజిమ్మిన తెల్ల రాతిపిండి,
మల్లేపల్లి అంగడికి మేకలు పోయినంక
బాట మీద గడియసేపు నిలవడ్డ దుమ్ము.
అంతా మీదికే పోయింది.
మొగులుకు ఇత్తనం మేమే పెట్టినం.
పడమటి గాలి దాన్ని మిర్యాలగూడ దిక్కు కొట్కపోతది.
ఆడ కాలువ కింద నాట్లేసేటోళ్ల ఈపుల మీద
మా చెలక కురుస్తుండొచ్చు.
ఎవలు గుర్తువడ్తరు?

మర్నాడు పొద్దుగూకే యాళ్లకు
డిండి మీద మొగులు దిగింది.
కింద బూడిదరంగు పోగులు ఏలాడినయి
మగ్గం మీది పడుగు లెక్క.
నేల దాక రాలేదు.
నడుమల ఎండగాలి తాగేసింది.
"పడ్తనే ఉన్నది గదా,
మన్ను ముట్టని వానను ఏమంటరు?"
మేడం చెప్పులు తొడుక్కుంట ఆగింది.
బస్సొచ్చింది, పోయింది.

నడిజాము దాటినంక రేకుల మీద చప్పుడు.
ముందు ఎవలో నాలుగు గింజలు జల్లినట్టు,
ఆగి, మళ్ల ఇంకో పిడికెడు.
నేను లేవలే.
లేస్తె ఆగుతదని భయం.

ఎనిమిదిన్నర.
గొట్టాన్ని కంటికి సమంగ వట్టి
ఊపిరి బిగవట్టి
నీళ్ల నడుమ వంపు చూసిన.
రెండు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు.
రెండున్నర ఉంటెనే సర్కారు లెక్కల వాన రోజు.

కంచె అవుతల సుక్కమ్మ, మడిమెల దాక తడిమన్ను.
"ఏది రాస్తె మాకు మంచిగుంటది?"
గీతంత పెంచితె వాన పడ్డట్టు,
ఉన్నది రాస్తె కరువు ఖాతాల ఇంకో రోజు.
ఏది మంచిదో
ఆమెకు తెల్వది, నాకు తెల్వది.
ఉన్నదే రాసిన.

కొలిసినంక నీళ్లు పారబోసుడు రూలు.
ఆమె కంచె సందులకెళ్లి దోసిలి చాపింది.
పోసిన.
ఏళ్ల నడుమ నుంచి జారంగ జారంగ
అరచేతి గీతల ఒక్క ఎర్ర నలుసు మిగిలింది.
"మనదేనా ఇది?"
వంగి చూసిన.
మక్తల్‌దో, నారాయణపేటదో,
ఎవని దుక్కిల లేసి
ఎన్ని మొగుళ్లు మారి వచ్చిందో.

జేబుల ఫోన్ మొదలువెట్టింది:
రాగల ఇరవైనాలుగు గంటలల్ల...
సుక్కమ్మ గుప్పిట మూసుకున్నది.
చీమలు గింజలెత్తక ముందే పోవాలె అన్నది.