ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య

ముప్ఫైరెండేళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి.
ఒక ఊళ్లో పెళ్లికి హారను కడితే
కాలవ అవతలి ఊరివాళ్లు
భోజనాలకి లేచారంటే, అదీ నా గొప్ప.

ఇప్పుడు పాలకొల్లులో మూడో అంతస్తు, రెండు గదులు.
సరిగ్గా మా కింద పుణ్యవతిగారు,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ,
పగలు నిద్ర.
నా పాత ఆంప్లిఫయరు రెండొందల వాట్లది.
నాబు అలా ముట్టుకుంటే చాలు
ఆవిడ మంచం కోళ్లు అదిరేవట.
ఓ మధ్యాహ్నం పైకొచ్చింది. ఏమీ అనలేదు.
గుమ్మంలో నిలబడి ఆవులించింది.
ఆ ఆవులింత చూసి అమ్మేశాను.

చేతిలో నాలుగు వేలు.
భీమవరం బస్సెక్కాను.
జకరయ్య కొట్లో అరల నిండా ఆంప్లిఫయర్లు,
టిఫిను డబ్బాలంతవి, ఇటుకలంతవి,
ఒకటైతే అగ్గిపెట్టెకి అన్నగారిలా.
"ఇది వంద వాట్లండి."
"నాకు అరవాటు చాలు జకరయ్యా,
ఆ అరవాటూ శుభ్రంగా ఉండాలి."
"ఆయ్, మీరేనా ఈ మాట అంటున్నది!"

జేబులోంచి పెన్‌డ్రైవు తీశాను.
అత్తిలి పెళ్లిలో నేనే పట్టిన సన్నాయి,
తెల్లారగట్ట లగ్నం.
మొదలెట్టబోతూ డోలు వీరాస్వామి దగ్గుతాడు,
ఒక్కసారి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.
గట్టిగా పెడితే ఆ దగ్గు ఎవడికైనా వినపడుతుంది.
నాబు మీది గీత చిన్నముల్లనుకుంటే
ఎనిమిది గంటల దగ్గరుండగా వినపడాలి.
అదీ నేను పెట్టిన పరీక్ష.

మొదటిదాంట్లో సన్నాయి దోమైపోయింది.
లౌడ్‌నెస్ మీట నొక్కితే డోలు వచ్చింది గానీ
గోలెంలో కూర్చుని వాయిస్తున్నట్టు.
రెండోది ఊరికే వేడెక్కింది,
పనిలేనివాడి కోపంలా.
మూడోదాంట్లో దగ్గు ఉంది,
గొంతులో తడితో సహా.
కుడి స్పీకరే సగం నిద్రలో ఉంది.

జకరయ్య దాచలేదు.
"చవక నాబండి. తొమ్మిది దాటిస్తే రెండూ సమానం,
కిందుంటే ఎడమదే పైచెయ్యి.
ఎవరూ తీసుకోవట్లేదు, పద్దెనిమిది వందలివ్వండి."

తొమ్మిది దాటితే పుణ్యవతిగారు లేస్తుంది.

వద్దని లేవబోతుంటే గుర్తొచ్చింది,
ఇంట్లో కూడా చెప్పని సంగతి.
నా కుడి చెవి.
హారన్ల పక్కన నిలబడీ నిలబడీ
సగం పోయిన చెవి.
అందులో రాత్రీ పగలూ ఒకటే కూత,
దూరంగా రొయ్యల చెరువులో
ఏరియేటరు తిరుగుతున్నట్టు.

"వైర్లు మార్చు" అన్నాను.
ఎడమది కుడికి, కుడిది ఎడమకి.
ఎందుకో తెలియకుండానే మార్చాడు.

వీరాస్వామి వచ్చి
సరిగ్గా నా ఎదురుగా కూర్చుని దగ్గాడు.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి మంచి వైరు ఐదు మీటర్లు కొన్నాను.
పాత హవాయి చెప్పులు ముక్కలు కోసి
స్పీకర్ల కింద పెట్టాను, శ్లాబులోకి దిగకుండా.
చెవి ఆనిస్తే సన్నగా బుసబుస.
ఆంప్లిఫయరుదో నాదో
తేల్చుకోవడం మానేశాను.

"కరెంటు పోయిందా?" వంటింట్లోంచి రత్నకుమారి.
"లేదు, మోగుతోంది."
చెయ్యి తుడుచుకుంటూ వచ్చి
నా ఎడమ పక్క కూర్చుంది.
కాసేపు విని,
"ఈ పక్క తక్కువగా ఉందేంటి?" అంది.

ఇంక చెప్పక తప్పదు.
ఎక్కణ్ణుంచి మొదలెట్టాలా అని
సన్నాయిని మళ్లీ మొదటికి తిప్పాను.

"ఎవరో వచ్చారు చూడండి,
బయట దగ్గుతున్నారు" అంటూ
తలుపు తీయడానికి లేచింది.