రెండో సంపుటం, ఆరువందల పద్నాలుగో పేజీ

మూడు సంపుటాలూ కలిపి ఏడు పౌండ్లు.
ఊరికే అనడం లేదు,
చేపలు తూచే త్రాసు మీద పెట్టి చూశాను.
హార్లన్ వైకాఫ్ సమస్త నాటకాలు.
ఉల్లిపొర లాంటి కాగితం, పట్టు రిబ్బను,
ఇరవై ఒక్క రోజుల్లో తిరిగివ్వాలని లైబ్రరీ ముద్ర.

ఇరవై ఆరేళ్లు ఆయన మాటల పక్కన కూర్చున్నాను,
పక్కతెర చాటున, మూడు కాళ్ల స్టూలు మీద,
కాగితం గొట్టం తొడిగిన చిన్న బల్బు కింద.
ఎవరైనా మరిచిపోతే మాట అందించడం నా ఉద్యోగం.
నటుడికి వినపడాలి, జనానికి వినపడకూడదు.
ఆ రెంటి మధ్య ఎంత సందుంటుందో
అంత మందమే నా గొంతు.

పుస్తకంలో అంతా నున్నగా ఉంది.
డెలా నారింజ వలిచిన వాసన లేదు.
పిస్తోలు పేలని రాత్రి
రూఫస్ నోటితోనే "ఢాం" అనుకుని చచ్చిపోయిన సంగతి లేదు.
బ్రాకెట్లలో "మౌనం" అని ఉంది.
ఏ మౌనం?
డెట్రాయిట్‌లో అది ఒక దగ్గంత.
బఫెలోలో, మంచు తుఫానులో, పదకొండుమంది ముందు,
కాఫీ చల్లారేంత.

ఇక ఆ పేజీ.

టొలీడో. యాభై నాలుగు, ఫిబ్రవరి. నాలుగో ఆట.
కొలిమి ఆరిపోయిన ఊళ్లో ఆ ఇంటి పెద్ద
గుమ్మం దగ్గర నిలబడి అనాల్సింది ఒక్కటే:
"తలుపెయ్యి, చలొస్తోంది."
రూఫస్ నోరు తెరిచాడు. మాట పెగల్లేదు.
నా వైపు చూశాడు,
మునిగేవాడు ఒడ్డు వైపు చూసినట్టు.
సరిగ్గా అప్పుడే నా బల్బు మాడిపోయింది.

కంఠతా వచ్చు నాకు. అయినా ఆ చీకట్లో
నోటికొచ్చింది మా నాన్న మాట.
డులూత్ రేవులో ఓడలకి ఇనపరాయి ఎత్తి
రాత్రి పదింటికొచ్చి, బూట్లు విప్పుతుంటే,
తలుపెయ్యమని అమ్మ అరిస్తే అనేవాడు:
"ఉండనియ్యవే. చలికి మాత్రం ఇల్లెక్కడుంది."

రూఫస్ అదే అనేశాడు.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు గానీ
అది ముందుగా దాటింది
మొదటి వరసలోని తడి ఓవర్‌కోట్లని.
ఎవరూ దగ్గలేదు.
తెర దించేవాడు తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆట అయ్యాక వైకాఫ్ లోపలికొచ్చాడు.
"ఎక్కడిదయ్యా ఆ మాట?"
"ఏమో సార్, అలా వచ్చేసింది."
నేను బల్బు మారుస్తున్నాను. వేళ్లు కాలాయి.
ఆయన సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాడు.

ఇప్పుడు పేజీ అడుగున చిన్నక్షరాల్లో:
"ఇది రచయిత స్వహస్తంతో చేసిన సవరణ."
ముందుమాటలో నాలుగు పేజీలు ఆ తలుపు గురించే.

కోపమా? దేనికి.
ఆయన మాటలు వేలకు వేలు నా నోట్లో నానాయి.
నాన్న మాత్రం ఒక్క నాటకమూ చూడలేదు.
టిక్కెట్టు పంపితే, మంచి కోటు లేదని జవాబు రాశాడు.
ఇప్పుడు పట్టు రిబ్బను పక్కన పడుకున్నాడు,
బూట్లు విప్పకుండానే.

మళ్లీ చదివాను. వేలు పెట్టి చదివాను.
"చలికి ఇల్లెక్కడుంది."
మాత్రం లేదు.
సిగరెట్ పెట్టె మీద చోటు చాల్లేదో ఏమో.

లైబ్రరీ పుస్తకం. తప్పే.
పెన్సిలు చెక్కుకుని,
జనానికి వినపడనంత సన్నగా
మాట అందించాను.