ముందు ముడి

ఆదివారం మా లూయిస్ ద్వీపంలో లైబ్రరీ మూత,
దుకాణం మూత.
కాఫీ వెతుక్కుంటూ వచ్చిన టూరిస్టులు
తలుపు మీది చేతిరాత చదువుకుని వెనక్కి పోతారు.
మంగళవారం పరీక్ష.
దేవుడిచ్చిన సెలవు సంగతి
పరీక్షల బోర్డుకి పట్టదు.

అందుకని తోర్కిల్ వాళ్ళ నాన్న వలల షెడ్డులో
చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాం ముగ్గురం,
దొంగసారా కాచేవాళ్ళలా.
డీజిల్ వాసన. ఉప్పు పట్టి బిగుసుకున్న తాళ్ళు.
బోర్లించిన చేపల పెట్టె మీద ఒకటే ల్యాప్‌టాప్,
పన్నెండు శాతం ప్రాణంతో.
రాత్రి తొమ్మిదిన్నరైనా కిటికీలో వెలుగు.
మే నెలలో మా సూర్యుడికి
ఇంటికెళ్ళే ధ్యాస ఉండదు.

స్టాక్ తేలికే.
రేవులో పేర్చిన పీతల బోనులు:
ఆఖర్న పెట్టింది ముందు తియ్యాలి.
నడుమది లాగబోయి
మా మేనమామ రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు,
ఆ లెక్కన ఆయనకి ఎప్పుడో పాస్ మార్కులు రావాలి.
క్యూ ఇంకా తేలిక.
ఫెర్రీ కోసం వరస కట్టిన కార్లు,
ముందొచ్చినవాడు ముందు,
డాక్టరుగారి కారు తప్ప.
"దాన్ని ప్రయారిటీ క్యూ అంటారు" అంది మైరెద్,
ఏమాత్రం నవ్వకుండా.

లింక్డ్ లిస్ట్ దగ్గర పడవ ఇసకలో దిగబడింది.
నడుమనున్న నోడ్‌ని తీసెయ్యాలి. ఆరు మార్కులు.
ఉదాహరణకి మా క్లాసు పేర్లే పెట్టుకున్నాం.
తోర్కిల్, మైరెద్, రోనా, నేను.
ఏ పేరు తియ్యాలో ఎవరూ అడగలేదు.
ఫిబ్రవరిలో మానేసింది కదా రోనా,
సాల్మన్ చెరల మీద మేత వేసే పనికి.

మూడుసార్లు రాశాడు తోర్కిల్.
మూడుసార్లూ రోనాతోబాటు నేనూ మాయం.
వాడి జాబితా కంచికి చేరని కథ.
"ఎక్కడికీ పోలేదు, మెమరీలోనే ఉన్నావు" అన్నాడు నాతో,
"నువ్వెక్కడున్నావో చెప్పేవాడే లేడు."

అప్పుడొచ్చాడు వాళ్ళ నాన్న,
చర్చి కోటు ఇంకా విప్పకుండా.
తిడతాడనుకున్నాం.
తెర మీది బాణాలకేసి చాలాసేపు చూసి
"ఇది తాడేగా" అన్నాడు.
ముప్పై బోనులు, ఒకే తాడు.
నడుమ ఒకటి రాతిసందులో ఇరుక్కుంటే ఏం చేస్తావు?
గోడన అంత తాడు వేలాడుతోంది గాని
ఆదివారం ముట్టుకోడు.
ఉత్త గాల్లోనే పట్టాడు ఒక కొస, ఇంకో కొస,
లేని తాడుకి లేని ముడి వేసి
గట్టిగా లాగి చూశాడు కూడా.

"ముందు ముడి. తర్వాతే కత్తి.
ముందు కత్తి పెట్టావా,
అవతలి పదిహేను బోనులూ సముద్రానివి.
అవి అడుగునే ఉంటాయిరా.
లోపలికి పీతలు వస్తూనే ఉంటాయి.
పైకెత్తేవాడే ఉండడు."

తోర్కిల్ రెండు వరసలు తారుమారు చేశాడు, అంతే.
తోర్కిల్, మైరెద్, నేను.
బాణం సరిగ్గా నా మీదికే వచ్చి ఆగింది.
ఆరుకి ఆరు.
చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు
ఎందుకో మైరెద్ ఒళ్ళో పెట్టేసుకుంది.

రోనాని తీసినచోట
మేమేం ముడి వేశామని?
హాజరు పట్టీలో సారు ఇప్పటికీ ఆ పేరు చదువుతాడు,
ఒక క్షణం ఆగుతాడు,
తర్వాత నా పేరు.

ఫోన్ తీసి రాశాను:
'రేపు సాయంత్రం షెడ్డుకి వస్తావా? ఊరికే.'
మేత పడవ మీద సిగ్నల్ అలని బట్టి.
నలభై నిమిషాలకి వచ్చింది జవాబు:
'రికర్షన్ వచ్చిందా మీకు?
నాకొచ్చు. బిస్కెట్లు మీవి.'

అప్పటికే ల్యాప్‌టాప్ కన్ను మూసింది.
మైరెద్ సుద్దముక్క వెతికింది.
చేపల పెట్టె అట్టడుగున, పొలుసుల మధ్య
నాలుగు గళ్ళు గీసింది.