ఆరు పూటలు

సిరొంచ పశువుల దవాఖానల
మందుపెట్టె మీద మరాఠీ ఉంటది,
కౌంటర్ అవతల తెలుగు నిలబడతది,
దాని ఎనుక, అడవి తొవ్వల నడిచొచ్చిన మేకలాయన
గోండిల దగ్గుతడు.
నడుమ నేను, ఇరవై రెండేండ్ల కాంపౌండర్ని,
మూడు భాషలల్ల అవే అడుగుత:
చూడిదా? బరువెంత? నిన్న ఏం మందు పోసిన్రు?

అడగని రోజొకటుంది.
సిడాం జోగు మేకకు నట్టలమందు ఇచ్చిన, కడుపు చూడలే.
సంత రోజు, వరుస పొడుగు, నా ఆకలి.
నెల తిరిగినంక జోగు సంచిల తెచ్చి
మాట్లాడకుంట బల్ల మీద పెట్టినదాన్ని
ఇప్పటికీ తుడుస్తనే ఉన్న.
అప్పట్నుంచి
కోడిపుంజుకు మందడిగినోణ్ణి గూడ
చూడిదా అని అడిగి నవ్వులపాలైత.

గగ్గూరి లసుంబాయి బర్రెకు
పొదుగు రాయయింది.
ముందరి ఎడమ చన్ను. పిండితే పెరుగు తునకలు,
సన్నటి నెత్తుటి జీర.
చెయ్యి కడుక్కొమ్మన్న. మళ్ల కడుక్కొమ్మన్న.
చెడ్డపాలు నేల మీద గాదు, డబ్బాల పిండమన్న.
స్పిరిట్ దూదితోని చన్నుమొన తుడిచి
ట్యూబు మూతి కొంచమే, కొంచమే పెట్టి
మందును మెల్లగ పైకి నిమిరిన.
బర్రె కాలెత్తింది.
ఎందుకో మళ్ల దించింది.

మూడు రోజులు, మూడు ట్యూబులు. అది అల్కటి పని.
కష్టం పెట్టె అడుగున ఉంటది,
చీమ తలకాయంత అక్షరాలల్ల:
ఆఖరి ట్యూబు తర్వాత డెబ్బై రెండు గంటలు
ఆ పాలు తాగరాదు, అమ్మరాదు.

లసుంబాయికి గంటలు లేవు, పూటలే.
ఆరు పూటలన్న.
పూటకు రెండు లీటర్లు, ఆమె వేళ్లు కదిలినయ్,
బానయ్య హోటల్ల లీటరుకు యాభై.
"ఆరు నూర్లు మట్టిల పొయ్యాల్నా?
మందు ఒక్క చన్నుకే కద, తక్కిన మూడు ఏం పాపం చేసినయ్?"
నెత్తురు నాలిగింటికీ ఒకటేనమ్మా అన్న.
"కాస్తే పోదా?"
కాస్తే పురుగు చస్తది, మందు చావదు.
"తాగితే మనిషి చస్తడా?"

చావడు.
అదే నా తిప్పలు.
చచ్చేదుంటే చెప్పుడు సులువు.
ఎన్నడో, ఎవరి పిల్లకో జ్వరమొచ్చి
ఏ సూదీ పనిచెయ్యని రాత్రి ఒకటొస్తది.
దానికి ఈ గిలాస కారణమని
ఎవరు ఏలు చూపిస్తరు?

బర్రె కట్టుతాడుకు ఆరు ముడులేసిన,
పిండిన పూటకొకటి విప్పమన్న.
పారబోసిన పాలకు సర్కారు పద్దుల గడి లేదు.
నా జేబుల రెండు నూర్లుండె, ఇయ్యబోయిన.
తీసుకోలే.
గేటు దాక పోయి, మళ్లొచ్చి తీసుకుంది.

ఆఖరి ట్యూబు పొద్దుగాల ఎక్కింది,
మూడో దినం మాపటికి చూసొద్దమని పోయిన.
పొదుగు మెత్తవడ్డది.
తాడుకు ఒక్క ముడి మిగిలింది.
పెంటకుప్ప అంచున తెల్లటి మరక,
మరక నిండ చీమలు.
సగం పోసిందో, అంత పోసిందో
చీమల నడగలే.
ఆమెనూ అడగలే.

తిరుగుబాటల బానయ్య హోటల్ కాడ ఆగి
ఆ పొద్దు మటుకు
పాలు లేని చాయ్ చెప్పిన.