ఒకటికి ఒకటిన్నర

బ్రాడీపేటలో మా మేడ మీద
రెండు ఇనప గొట్టాల మధ్య ఇరవై మీటర్ల రాగి.
దాని నడుమ నుంచి జంట తీగ కిందికి దిగుతుంది
బెత్తెడు ఎడంతో, మూరకో పీవీసీ ముక్కతో.

కట్టింది సువర్ణరాజు.
టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా రిటైరై పదకొండేళ్లు.
"బిగిస్తే తెగుద్ది సార్, వదిలేస్తే గాలికి పెనేసుకుద్ది"
అని తీగను వేలితో మీటి
తల వంచి వింటాడు.

తొడుగు లేని తీగలవి.
ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో తిరిగొస్తుంది,
ఒకదాని రొదను ఇంకోటి చెరిపేస్తుంది.
"ఇందులో ఎర్త్ ఏది సార్?"
"ఏదీ కాదు."
"అయితే రెండూ ఒకటే," అన్నాడు,
నమ్మకం కుదరనట్టు.

నా గదిలో ఉన్నది నల్ల కేబులు.
నడుమ రాగి నరం, చుట్టూ తెల్ల గుజ్జు,
ఆపైన అల్లిన జల్లెడ, ఆపైన నల్ల తోలు.
నరం ఎండ మొహం ఎరగదు.
జల్లెడ నేలనంటుకుని ఉంటుంది.

మొదట తొందరపడ్డాను.
నరాన్ని ఒక తీగకీ జల్లెడను ఒక తీగకీ మెలేసి
టేపు చుట్టి మైకు నొక్కాను.
మైకు పెదవిని కరిచింది.
కింది వాటాలో తాయారు గారి టీవీ
వార్తల మధ్య నా గొంతుతో గొణిగింది.
ఆకాశానికి పోవాల్సింది
జల్లెడ పైపైనే పాక్కుంటూ వెనక్కి,
గదిలోకి, బల్ల మీదికి, నా మూతి మీదికి.

లాలాపేటలో మస్తాన్‌వలీ
మిర్చి యార్డు మోటార్లకు తీగ చుడతాడు.
కొట్టు గుమ్మంలోనే తుమ్ములు.
ఫెర్రైట్ రింగు తిప్పి చూసి
"నల్ల గాజులా ఉందే" అన్నాడు.
రెండు తీగలు జంటగా పట్టి పన్నెండు చుట్లు,
ఒకదాని తోక ఇంకోదాని తలకి.
తుమ్ముతూనే చుట్టాడు, ఒక్క చుట్టూ ఎక్కలేదు.
డబ్బులొద్దన్నాడు.
నిజాంపట్నంలో బావమరిది పడవ మీదుంటాడట,
తుపానొస్తే కబురు కనుక్కోమన్నాడు.

టిఫిన్ డబ్బాలో రింగు పెట్టి
కిటికీ చెక్కకు బిగించాం.
బయటివైపు రెండు బోల్టులు, లోపలివైపు ఒక సాకెట్టు.
బయట సువర్ణరాజు, లోపల నేను.

బోల్టు తిప్పుతూ అన్నాడు, నాతో కాదన్నట్టు:
"ఊళ్లలో ఫోన్లు పెట్టేప్పుడు గోడ దాకా నేనే లాగేవాణ్ని.
చిల్లులోంచి తీగ దూరిస్తే
లోపల ఎవరో అందుకునేవాళ్లు.
మోగిందో లేదో వీధిలో నిలబడి వినేవాణ్ని."

నా చేతిలో పానా ఆగింది.
మూడు రోజులుగా ఆయన క్యారేజీ మేడ మీదే తింటున్నాడు.
మంచినీళ్ల సీసా నేను ఈ కిటికీలోంచే అందిస్తున్నాను.
గుమ్మం నాలుగడుగులు.
తోచలేదు.
వోల్టుకీ ఆంపియరుకీ లెక్క కట్టినవాడికి
తోచలేదు.

"లోపలికి రండి, మీరూ విందురు."
"ఈ నట్టొకటుంది సార్."
నట్టు బిగిశాక కూడా
కాసేపు అదే నట్టు.
తర్వాత వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఏడు మెగాహెర్ట్జ్ మీద సాయంత్రపు హోరు.
పిలిచాను. మైకు కరవలేదు.
కింద టీవీ తన మానాన తాను.
మూడో పిలుపుకి పార్వతీపురం నుంచి ఎవరో పలికారు
వెనకాల కుక్కరు విజిల్‌తో సహా.
హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకు పెట్టాను.
చాలాసేపు కదల్లేదు.
"లైను బాగుంది," అన్నాడు, డ్యూటీ గొంతుతో.

మీటరు చూశాను.
ఒకటికి ఒకటిన్నర.
పంపినదాంట్లో కొంత
ఇంకా వెనక్కి వస్తూనే ఉంది.
డబ్బా మీద చెయ్యి వేశాను.
కొంచెం వెచ్చగా ఉంది.