తీగ పొడవు

జెరాక్సు షాపు ప్లగ్గు నుంచి
నా బల్లదాకా నాలుగు గజాల తీగ.
మూడేళ్లుగా అదే నా పొలిమేర.
కలెక్టరాఫీసు వరండా చివర కూర్చుని
సోమవారాలు అర్జీలు టైపు చేస్తాను.
మనిషికి నలభై.
ఎవరి కాలైనా తీగకి తగిలిందా,
సగం చెప్పిన బాధ సగంలోనే నల్లబడిపోతుంది.
"మళ్లీ చెప్పమ్మా" అంటాను.
రెండోసారి
ఎవరూ అంత వివరంగా చెప్పరు.

శనివారం సాయంత్రం డాబాగార్డెన్స్.
వాన అప్పుడే వెలిసింది.
ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు, చివరి గది.
విప్పిన లాప్‌టాప్‌ల మధ్య
టార్చి పళ్లతో పట్టుకుని తవిటినాయుడు.
నాది అందుకుని, తిరగేసి, బొటనవేలితో నొక్కి,
"ఏటండీ, దీనికి నెలలు నిండిపోనాయి" అన్నాడు.
నిజమే. లోపల బ్యాటరీ ఉబ్బి
మౌసు పలకని పైకెత్తేసింది.
బల్ల మీద ఓ మూల ఊగుతుంటే
కింద కాగితం మడిచి పెట్టాను ఇన్నాళ్లూ.
అంటుకుపోయిన ఆ మడత ఊడదీసి చూశాడు:
ఎవరిదో రేషన్ కార్డు, తప్పుపడిన ప్రతి.

స్క్రూలు కదల్లేదు.
"సముద్రమండి.
ఈ ఊళ్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ."
నూనె చుక్క వేసి, టీ తెప్పించి, కూర్చోమన్నాడు.
తుప్పుకి కాస్త టైమివ్వాలట.

ఆ టీ తాగుతుంటే
హుద్‌హుద్ మర్నాడు గుర్తొచ్చింది.
కంచరపాలెంలో మా వీధంతా చీకటి.
ఫోన్లు పట్టుకుని గుమ్మంలో జనం వరస.
దీని పక్కనున్న రెండు కన్నాల్లోంచి
ఒక్కొక్కరికి పది నిమిషాల ప్రాణం.
"బతికే ఉన్నాం" అన్న మాట ఒక్కటే
ఎన్ని ఊళ్లకి వెళ్లిందో ఆ రాత్రి.
చివర్న పక్కింటి ఎర్రమ్మ,
పారాదీప్‌లో పడవ కట్టేసుకున్న మరిది కోసం.
మూడు శాతం ఉండగా ఎత్తాడు.
"హలో" అన్నాడు.
ఆ తర్వాత అన్నీ ఆరిపోయాయి.
ఆ హలోతోనే ఆవిడ అన్నం తింది.

"కంపెనీది రాదండి,
వాళ్లే మర్చిపోయారు ఈ మోడల్ని.
పద్దెనిమిది వందలది, ఆర్నెల్లు గ్యారంటీ.
పదకొండు వందలదీ ఉంది గానీ
మా బావమరిదిక్కూడా వెయ్యను."

నా లెక్కలన్నీ నలభైల్లోనే సాగుతాయి.
పద్దెనిమిది వందలంటే నలభై ఐదు మంది.
నలభై ఐదు సర్వే నంబర్లు, ఆగిన పింఛన్లు, పోయిన కార్డులు.

కొత్తది కొనుక్కోండని మాత్రం అనలేదతను.
అందుకే పేరు సంగతి అడిగాను.
"నా ముందు ముగ్గురు పోయారటండి.
నన్ను మంత్రసానికి చేటెడు తవుడికి అమ్మీసి
మళ్లీ కొనుక్కుందట మాయమ్మ.
చవగ్గా కొన్నవి మన్నుతాయండి, ఒక్కోసారి."
అని,
పద్దెనిమిది వందలూ రెండుసార్లు ఎంచి పుచ్చుకున్నాడు.

పాతదాన్ని చెత్తలో వెయ్యకూడదట.
గది మూల బకెట్లో బీచి ఇసుక.
అందులో గొయ్యి తీసి పాతిపెట్టాడు.
ఇంకో ఐదారు నల్లటి అంచులు పైకి కనిపిస్తున్నాయి.
చెప్పులు తొడుక్కుంటూ
ఒకసారి వెనక్కి చూశాను.

సోమవారం.
తీగ చుట్టి సంచిలో వేశాను.
"కరెంటొద్దా?" జెరాక్సు గవర్రాజు అడిగాడు,
నెలకి రెండొందలు పోయిన మొహంతో.

మెట్లెక్కలేని ఒకావిడ
గేటు పక్క ప్రహరీ నీడలో కూర్చునుంటుంది ప్రతి వారం.
ఎవరినో బతిమాలి, తన మాట
వాళ్ల నోటితో నాకు పంపేది.
నా దాకా వచ్చేసరికి అది రెండు ముక్కలయ్యేది:
"భూమి. ఇప్పించండి."

ఈసారి నేనే దిగి వెళ్లాను.
పక్కనే చతికిలబడి ఒళ్లో తెరిచాను.
ఆవిడ ముందు
దాని వెనకాల తీగ కోసం వెతికింది.
నన్ను చూసింది. మళ్లీ దాన్ని చూసింది.
"చెప్పమ్మా."
కొంగుతో మూతి తుడుచుకుని
తన పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది.

తెర మూల అంకె తొంభై ఒకటి.
ఎనభై తొమ్మిది.
ఎనభై నాలుగు.
భూమి సంగతి ఇంకా రాలేదు.