తొమ్మిది చలాన్లు

ఆటోనగర్‌లో బండి కొన్నాను.
ఏపీ పదహారు. నలుపు. ఎడమ అద్దం లేదు.
"ఇంజను తేనె సార్" అన్నాడు బ్రోకర్ ఫణిబాబు
సీటు మీద దుమ్ము లుంగీ అంచుతో తుడుస్తూ.
చలాన్ల మాట ఎత్తలేదు.

రాత్రి పటమట గదిలో
నంబరు కొట్టి చూస్తే తొమ్మిది.
ఒక్కటీ నాది కాదు, అన్నీ నా బండివే.

మొదటిది బెంజి సర్కిల్.
ముందు అతను, వెనక ఆమె,
మధ్యన కొత్త స్టీలు బిందె, లేబులైనా ఊడలేదు.
ఇద్దరి నెత్తినా ఏమీ లేదు
ఆమె జడలో కనకాంబరాలు తప్ప.
నూట ముప్పై ఐదు.

ఇంకోటి ఏలూరు రోడ్డు, రాత్రి పదకొండూ నలభై.
పక్కకి తిరిగి కూర్చుంది,
అతని చొక్కా ఆమె పిడికిట్లో నలిగిపోయింది,
పొట్ట ఎత్తుగా.
ఎర్రలైటు దాటాడు.
కెమెరా అంతా చూసింది,
రాసుకున్నది మాత్రం ఎర్రలైటే.

అయిదోదాంట్లో ట్యాంకు మీద ఓ పిల్ల,
మూతినిండా పీచుమిఠాయి.
ముగ్గురిలో కెమెరాకేసి చూసింది అదొక్కతే.
దాని మోకాలి కింద, ట్యాంకు మీద, చిలక స్టిక్కరు.
నిన్న నేను గోటితో గీకితే
తోక మాత్రం రాలేదు.

ఆ తర్వాత నాలుగింటిలో
వెనక సీటు ఖాళీ.
రామవరప్పాడు రింగు, ఖాళీ.
బందరు రోడ్డు, ఖాళీ.
చివరిది వారధి మీద, గుంటూరు వైపు.
హెల్మెట్ పెట్టుకున్నాడు చివరికి.
నేరం: అతివేగం.

ఫణిబాబుకి ఫోన్ చేశాను.
"ఎన్నాళ్ళుంటాయయ్యా ఇవి?"
"కట్టేదాకా సార్. మనిషి మారినా, ఊరు మారినా,
బండి తుక్కుకి పోయినా సరే.
లోక్ అదాలత్ దాకా ఆగండి, సగంలో పోద్ది."
"ఆయన ఎవరు?"
"ఎవరు సార్?"

ఆగలేదు. ఆ రాత్రే కట్టేశాను.
ఒక్కోటీ పచ్చబడి మాయమైంది.
నాలుగు వేల చిల్లర పెట్టి
ఎవరి కాపురాన్నో తడిగుడ్డతో తుడిచేసినట్టుంది.
పిల్ల ఫోటో అయినా దాచుకోవాల్సింది,
తట్టలేదు.

మొన్న మంగళవారం నాకూ ఒకటొచ్చింది.
బెంజి సర్కిలే. గీత దాటి ఆగాను.
పెద్దది చేసి చూసుకున్నాను:
వంకర హెల్మెట్, హ్యాండిల్‌కి ఇడ్లీ పొట్లం,
ట్యాంకు మీద తోక.
వెనక సీటు ఎండకి మెరుస్తోంది.

రేపు కడదామని
ఆరు రోజులుగా అనుకుంటున్నాను.